రెండు కప్పుల వేరుశనగ

"నా బోరు నీళ్లకి పైరు మొలవదని పిల్లోళ్లకి నేర్పిస్తా ఉండావా?" అంటూ వరదయ్య మూడో తరగతి గదిలోకి దూసుకొచ్చినాడు.

"నేనేం చెప్పలేదయ్యా. వాళ్లే చేసి చూసినారు," అంది ఉషా టీచరు.

బల్లమీది రెండు కప్పులూ ఆయన లాక్కున్నాడు. ఒకదాంట్లో వేరుశనగ మొలకలు, రెండోదాంట్లో ఒట్టి మన్ను.

"విత్తనం మార్చినారు!"

జనని లేచింది. తన చేలో పైరు మొలవకపోయేసరికి, మంచి విత్తనం దొంగిలించి పుచ్చుగింజలు నాటిందని ఆ పిల్ల తల్లిని పోయిన నెలే పనిలోంచి తరిమినాడాయన.

"విత్తనం ఒగటే, మన్ను ఒగటే. దానికి బడి నీళ్లు, దీనికి మీ బోరు నీళ్లు. మూడుసార్లు చేసినాం."

"ఎవురు చేయమన్నారు నిన్ను?"

"మా అమ్మ దొంగతనం చేసిందా లేదా అని చూడాలనుకున్నా."

వరదయ్య మన్ను గెలికి, కుళ్లిన గింజలు బయటికి తీసినాడు. ఒక్కోటీ వేళ్లతో నలిపి చూసినాడు; ఏదీ పుచ్చుగింజ కాదు.

"మీ అమ్మ ఇప్పుడు యాడుంది?"

"ఎందుకయ్యా? ఆడికొచ్చి గూడా అరుస్తారా?"

ఆయన కప్పుల్ని బల్లమీద పెట్టినాడు.

"అరవను," అన్నాడు.