దువాలు వారి అబ్బాయి

సూర్యకిరణ్ ఇంటిపేరు దువాల్. యానాం కుర్రాడికి ఫ్రెంచి ఇంటిపేరు ఉండటం వింతేమీ కాదు. అది ఎక్కణ్ణించి వచ్చిందో తేల్చుకుంటానని ముప్ఫయ్యేళ్ళు వచ్చాక పట్టుబట్టడమే వింత.

పని కోసం గల్ఫ్‌కొచ్చాక, మహబూలాలో అతని గదిలో ఉండే మహమ్మద్ గౌస్‌ది రాయచోటి. డ్రైవరు. ఆ ఇంటిపేరు వినగానే పడీ పడీ నవ్వాడు.

“దువాలంటే మాకు ప్రార్థనలబ్బా. నీ ఇంటిపేరే సగం పుణ్యం తెచ్చేట్టుండాది!”

ఆ రోజు నుంచీ ఫ్లాట్‌లో అందరికీ సూర్యకిరణ్ ‘దొర’ అయిపోయాడు. పొద్దున్నే బాత్‌రూమ్ దగ్గర కూడా దొరకే ముందు దారి ఇచ్చేవారు.

శుక్రవారం వచ్చిందంటే దొర ఫోను వదలడు. యానాంలో పెద్దవాళ్ళు ఎవరు మిగిలారు, దువాల్ దొర అనేవాడు నిజంగా ఉండేవాడా, ఉంటే ఎవరింట్లో పిల్లల్ని కన్నాడు... సిగ్గుపడకుండా అడిగేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. తాత ఫ్రెంచివాడని తేలితే ఫ్రెంచి పాస్‌పోర్టు వచ్చేస్తుందని గౌస్ అప్పటికే ఊరంతా చెప్పేశాడు.

అక్కడికి దగ్గర్లోనే రుమైథియాలో ఓ ముసలావిణ్ణి చూసుకునే నర్సు సత్యశ్రీది కూడా యానామే. ఆమె ఇంటిపేరూ దువాలే. సెలవు దొరికినప్పుడల్లా మహబూలా వచ్చి, సముద్రం ఒడ్డున సూర్యకిరణ్ పక్కన కూర్చుని, తన వైపు పెద్దలకు ఫోన్లు చేసేది. వచ్చే నెల ఆమె ఊరెళ్తోంది. ఆలోపు సంగతి తేలకపోతే ఇంక ఎప్పటికీ తేలదని ఇద్దరికీ దిగులు.

“నువ్వూ మీ చెల్లెలూ పారిస్ పోయి చల్లంగా బతుకుతారు. మేం ఈడనే ఎండిపోతాం” అనేవాడు గౌస్.

సూర్యకిరణ్ మొహం చిట్లించేవాడు. దొరలకు కోపం సహజమే కదా.

ఓ శుక్రవారం యానాం నుంచి కబురొచ్చింది. దువాల్ అనే దొర నిజంగానే ఉండేవాడట. గౌస్ ఎగిరి గంతేశాడు. సూర్యకిరణ్ మాత్రం బిర్యానీ ముందు పెట్టుకుని ఒక్క ముద్ద కూడా ముట్టలేదు. ఆనందం ఎక్కువైతే ఆకలి చచ్చిపోతుందని తేల్చి, గౌస్ ఆ ప్లేటు కూడా తనే లాగించేశాడు.

తర్వాతి వారం యానాంలో అచ్చాయమ్మగారు ఫోన్లో దొరికారు. తొంభై దాటిన మనిషి. ఆవిడ తండ్రి ఫ్రెంచివాళ్ళ కచేరీలో బంట్రోతు. గౌస్ పట్టుబట్టి స్పీకర్ పెట్టించాడు.

“మామ్మగారూ, దువాల్ దొర మాకేమవుతాడండీ?”

“ఏమవుతాడ్రా నా మొహం! ఆయన ఓడల దొర. పెళ్ళాం పిల్లలు లేకుండానే పోయాడు. మీ ముత్తాత మన కట్టుబాట్లు వదిలి ఫ్రెంచి చట్టంలోకి మారతానని కచేరీకెళ్తే, అలా మారేవాళ్ళకి కొత్త ఇంటిపేరు ఉండాలి, చెప్పమన్నారు. తెలిసిన దొర పేరు అదొక్కటే, అదే చెప్పేశాడు. వెనకాల నించున్నాయనకి అదీ తోచలేదు. ‘ఆయనకి రాసిందే నాకూ రాసెయ్యండి బాబూ’ అన్నాడంట. మా నాన్న చెప్పి చెప్పి నవ్వేవాడు.”

“ఆ వెనకాలాయన ఎవరండీ?” సూర్యకిరణ్ ఫోను మీదికి వంగాడు.

“సత్యశ్రీ లేదూ, దాని ముత్తాత. కోరంగి నించి ఆ వారమే దిగాడు. మీ ముత్తాతా ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకోడం అదే మొదలు.”

గౌస్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ఫ్రెంచి రక్తం చుక్కయినా లేదు. పాస్‌పోర్టు ఖలాస్. నిజంగానే జాలేసి, కుర్రాణ్ణి ఓదార్చడానికి దగ్గరికెళ్ళాడు.

కుర్రాడు అతన్ని గట్టిగా కౌగిలించుకుని, నున్నటి బుర్ర మీద ముద్దుపెట్టి, మళ్ళీ ఫోన్ అందుకున్నాడు.

“సత్యా, ఇంటిపేరు ఒకటే అయినా మనం అన్నాచెల్లెళ్ళం కాదంట, ఇంక ముహూర్తం పెట్టించమని మీ నాన్నకి ఇప్పుడే చెప్పు!”