వెలుతురు చాలని సాక్ష్యం

దొంగెవరో గుమాస్తాకి తెలుసు. తెలిసి ఏం లాభం, నమ్మేవాడు కావాలి కదా.

బల్బుల గోడౌన్‌లో రోజుకో డబ్బా మాయమవుతోంది. సాయంత్రం ఆరింటికి అందరూ చేతులు కడుక్కుంటుంటే, తాళాలాయన మాత్రం వెనక తలుపు తీసి, డబ్బా చంకన పెట్టుకుని చల్లగా జారుకుంటున్నాడు. గుమాస్తా రెండుసార్లు కళ్ళారా చూశాడు. కానీ తాళాలాయనది అక్కడ ఇరవై రెండేళ్ళ సర్వీసు, ఇతనిది ఆరు నెలలు. ఆయన్ని యజమాని "అన్నా" అని పిలుస్తాడు. ఇతన్ని "ఏమయ్యా" అంటాడు.

ఆ యజమానే సోమవారం పొద్దున్నే గుమాస్తాని గదిలోకి పిలిచాడు.

"ఏమయ్యా, నువ్వొచ్చాకే ఇదంతా మొదలైంది. శనివారంలోగా దొంగని చూపించు. లేకపోతే నువ్వేనని పోలీసులకి చెప్పేస్తాను."

ఫొటో తీద్దామంటే ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేసి లోపలికి రావాలి. అందుకని గుమాస్తా మామగారి పాత రీలు కెమెరా దుమ్ము దులిపాడు. జన్మలో ఎప్పుడూ దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు. క్యారేజీ సంచిలో అడుగున పెట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు.

మొదటి రీలు కడిగిస్తే ఫొటోలన్నీ బొగ్గు.

"ఇది వంద స్పీడు ఫిల్ము. నువ్వు డయలు నాలుగొందల మీద పెట్టావు. కావలసిన వెలుతురులో పావువంతే లోపలికెళ్ళింది," అన్నాడు స్టూడియో ఆయన.

రెండో రీలు తెల్లకాగితం.

"వెనక మూత గానీ తీశావా?"

"ఒక్కసారే తీశానండీ. ఫొటోలు పడ్డాయో లేదో చూద్దామని."

మూత తీస్తే వెలుతురు తగిలి ఫిల్మంతా పాడవుతుందన్నాడు స్టూడియో ఆయన. తర్వాత ఓపిగ్గా, షట్టరు నెమ్మదిగా మూసుకుంటే ఎక్కువ వెలుతురు లోపలికెళుతుందని చెప్పి పంపాడు.

మూడో రీలుకి వెలుతురు వచ్చింది, మనిషి రాలేదు. తాళాలాయన ఉండాల్సిన చోట పొగలాంటిదేదో తలుపులోంచి పోతోంది. గుమాస్తా భార్య ఆ ఫొటో అటూ ఇటూ తిప్పి చూసింది.

"దయ్యం ఎత్తుకుపోతోందని చెప్పండి మీ ఓనరుకి. మీ మాట కంటే అదే నమ్ముతాడు."

హాస్యానికే అంది గానీ, ఆ మాట తర్వాత ఇద్దరికీ ముద్ద దిగలేదు. పోలీసు జీపు గుమ్మం ముందు ఆగితే మళ్ళీ ఈ వీధిలో తలెత్తుకు తిరగడం కల్ల.

శుక్రవారం సాయంత్రం డబ్బాల వరసల వెనక నక్కి, నాలుగో రీలు వేసిన కెమెరా ఇలా కంటికి ఆనించాడో లేదో, "ఎవరది?" అంటూ తాళాలాయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. గుమాస్తా పైప్రాణాలు పైనే పోయాయి.

"నేనే బాబాయ్. ఫొటోలు నేర్చుకుంటున్నాను. ఊరికే సరదాకి."

ముసలాయన మొహం విప్పారింది.

"నీ ఇల్లు బంగారం గానూ, ముందే చెప్పొద్దూ. కుర్రతనంలో నేను మూడేళ్ళు స్టూడియోలో చేశాను. ఏమిటి నీ ఇబ్బంది?"

బొగ్గు, తెల్లకాగితం, పొగ అన్నీ గుమాస్తా ఉన్నదున్నట్టు చెప్పేశాడు, దొంగ సంగతి తప్ప.

"ఇంత చీకట్లో ఎలా వస్తాయయ్యా? మనిషి మీద వెలుతురు పడాలి," అంటూ తాళాలాయన చంకలో ఉన్న డబ్బాలోంచే ఒక బల్బు తీసి, తలుపు పైన ఖాళీగా ఉన్న హోల్డరుకి బిగించాడు. "కాస్త ఇది పట్టుకో," అని డబ్బా గుమాస్తాకి ఇచ్చి కెమెరా అందుకున్నాడు. కంటికి పెట్టుకుని అవీ ఇవీ తిప్పాడు, నొక్కి చూశాడు, మళ్ళీ తిప్పాడు. గుమాస్తాకి నవ్వు ఆగలేదు. దొంగే దగ్గరుండి తన మీద సాక్ష్యానికి లైటు సర్దుతున్నాడు మరి.

"అన్నీ సరిగ్గా పెట్టాను. ఇంక దేన్నీ కదపకు. రీలు తిప్పుకోవడం, నొక్కడం, అంతే నీ పని," అని కెమెరా తిరిగిచ్చి, డబ్బా తీసుకుని నిలబడ్డాడు తాళాలాయన.

నిలబడటమంటే అలా ఇలా కాదు. తలుపు గడియ తీస్తూ కొన్ని, డబ్బా భుజాన వేసుకుని కొన్ని, గడప దాటుతూ వెనక్కి తిరిగి చూస్తూ కొన్ని. మెడ నొప్పెడుతున్నా రీలు అయిపోయేదాకా కదల్లేదు. ఇంత మంచి మనిషికి ఈ దొంగబుద్ధి ఎందుకు పుట్టిందోనని గుమాస్తా మనసు కలుక్కుమంది.

ఆ జాలి గేటు దాటేదాకానే. ఈసారి బుద్ధిగా రీలు వెనక్కి చుట్టాకే మూత తీశాడు. నేరుగా యజమాని ఇంటికెళ్ళి, రీలు ఆయన చేతిలో పెట్టాడు.

"మీరే కడిగించుకోండి సార్. నేను కడిగిస్తే ఏదో మార్చాననుకుంటారు. దొంగ ఇందులో ఉన్నాడు, డబ్బాతో సహా."

శనివారం పిలుపొచ్చింది. గుమాస్తా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. గదిలో యజమాని, ఇన్‌స్పెక్టరు, ఓ మూల తల వంచుకుని తాళాలాయన. ఆయన కళ్ళలోకి చూడలేక గుమాస్తా చూపు తిప్పుకున్నాడు.

"ముప్ఫై ఆరు ఫొటోలు," అన్నాడు యజమాని. "ముప్ఫై అయిదు బొగ్గు. మొదటిది మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది."

"ఒక్కటి చాలు కదండీ," అన్నాడు గుమాస్తా.

"చాలు," అంటూ ఇన్‌స్పెక్టరు ఫొటోని అతని వైపు తిప్పాడు: కొత్త బల్బు వెలుగులో, వెనక తలుపు ముందు, డబ్బాని రెండు చేతులా పొదివి పట్టుకుని, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాడు గుమాస్తా.