నడి కృష్ణలో ఆగిన మోటరు

"మళ్లీ నడి ఏట్లో ఆగింది అబ్బాయ్. ఇది ఆరోసారి. ఎండకి చచ్చి బతికి తెడ్డేసుకుంటా వచ్చా," అంటూ పడవ కోటయ్య షెడ్డు ముందు కూలబడ్డాడు.

ఇంకా బతికే ఉన్నావు గదా, అనుకున్నాడు మెకానిక్ వీరాంజనేయులు. పైకి మాత్రం, "పాత మోటరు గదా బాబాయ్, చూద్దాంలే," అన్నాడు.

ఎప్పటిలాగే రేవుకి పోయి మోటరు, పెట్రోలు ట్యాంకు బండి మీద తెచ్చుకున్నాడు. కార్బొరేటర్ విప్పి కడిగాడు. ఫిల్టరు ఊదాడు. పెట్రోల్లో నీళ్లు కలిశాయేమోనని సీసాలో పోసి ఎండకి పట్టి మరీ చూపించాడు. అబ్బే, ఏ లోపమూ లేదు. ఉండదని అతనికి తెలుసు.

ట్యాంకు మూత మీద చిన్న మర ఉంటుంది. అది వదులుగా ఉంటేనే లోపలికి గాలి పోయి, పెట్రోలు మోటరుకి అందుతుంది. బిగిస్తే కాసేపు నడిచి, సరిగ్గా నడి కృష్ణలో చచ్చూరుకుంటుంది. ప్రతిసారీ బిగించే ఇచ్చాడు. అలాంటి మర ఒకటుందని కూడా కోటయ్యకి తెలియదు.

ఊరికే చేస్తాడా మరి! రెండేళ్ల కింద అవతలి ఒడ్డున మిరపకాయలు కోస్తుంటే వీరాంజనేయులు భార్య అనూషని పాము కరిచింది. కోటయ్యకి ఫోను చేశారు. పది నిమిషాల దారికి ముసలోడు గంట తర్వాత చేరాడు. ఇవతలికి తెచ్చి ఆటో ఎక్కిస్తే, పిడుగురాళ్ల చేరకముందే అనూష ప్రాణం పోయింది.

"మోటరు ఆగింది అబ్బాయ్," అని ఆ రోజు కోటయ్య ఏడ్చాడు.

పచ్చి అబద్ధం! ముందురోజు సాయంత్రమే వీరాంజనేయులు తన చేత్తో బాగుచేసి, రేవుకి తీసుకెళ్లి ఇచ్చిన మోటరది. ఎట్టా ఆగుద్ది? పడవలో తడి వల కనపడిందన్నారు. అనూష అక్కడ కొట్టుకుంటుంటే వీడు మధ్యలో ఆపి చేపలు తీసుకున్నాడు. ఆ మాట వాడి నోటితోనే చెప్పించాలి. అందాకా నడి ఏట్లో మాడాల్సిందే.

వారం తిరక్కుండా కోటయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి కళ్ల నిండా నీళ్లు.

"ఆ రోజు సంగతి చెబుతా. వింటావా?"

వీరాంజనేయులు చేతిలో రెంచి పక్కన పెట్టాడు. ఒప్పుకుంటున్నాడు! రెండేళ్లుగా కాచుక్కూర్చుంది దీనికోసమే.

"ఇయ్యాల మోటరు ఆగితే విసుగొచ్చి ట్యాంకు మూత తిప్పా. బుస్సుమంది. తాడు లాగంగానే మోటరు అందుకుంది. అప్పుడు గుర్తొచ్చింది అబ్బాయ్. అమ్మాయి కోసం పోయిన రోజు కూడా ఇంతే. లాగీ లాగీ చేతులు పుండ్లు పడ్డాయి. ఆఖరికి సీసాడు పెట్రోలు పోద్దామని మూత తిప్పితే ఇదే బుస్సు, అప్పుడే అంటుకుంది. నా మాట ఇప్పుడన్నా నమ్ముతావా?"



దారిలో పెట్రోలు ఒలక్కుండా ఆ మర బిగించి, రేవులో మళ్లీ వదులు చేసి ఇవ్వడం వీరాంజనేయులు అలవాటు. ఆ ముందురోజు సాయంత్రం మాత్రం అన్నం చల్లారిపోతోందని అనూష ఫోను చేస్తే, ట్యాంకు పడవలో పెట్టేసి అట్నుంచి అటే ఇంటికి పరిగెత్తాడు.