బురదలో చెట్టు

"ఇవాళ్టికి పడవని చుట్టూ తిప్పి తీసుకెళ్లకూడదా బాబూ?"

పడవవాడికి ఒళ్లు మండింది. మళ్లీ ఇదే గొడవ!

ఆటు వేళ ఏటి నీరంతా సముద్రంలోకి జారిపోయి బురదమేట బయటపడింది. నీరు జారిన దారులు దాని మీద పాయలు పాయలుగా చీలి, కొమ్మలూ రెమ్మలూ వేసిన పెద్ద చెట్టులా ఉన్నాయి. ఆ మేట మీదుగా పడవని ఈడ్చేస్తే అవతల లోతు నీళ్లే. చుట్టూ తిప్పాలంటే గెడ వేసి వేసి రెక్కలు పడిపోతాయి. ఈలోగా అవతలి రేవులో జనాన్ని ఇంకో పడవవాడు ఎగరేసుకుపోతాడు.

"ఎందుకు తిప్పాలి తాతా? బురదకి నొప్పి పుడుతుందా?"

పడవలో జనం గొల్లుమన్నారు.

"చెట్టు చెరిగిపోతుంది కదా. నేనింకా పూర్తిగా చూడలేదు" అన్నాడు మేట అంచున కూర్చున్న ముసలాయన.

"రేపు ఇంకోటి మొలుస్తుందిలే!"

"రేపటిది వేరే చెట్టు బాబూ."

పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది వ్యవహారం. ఎండనకా వాననకా వారం వారం వచ్చి బురదని చూసిపోయే మనిషిని ఏమనాలి? 'బురద తాత' అని పడవవాడే పేరు పెట్టాడు. రేవంతా ఆ పేరే పాకింది.

"లే లే, అడ్డం లే! నీకు పనీపాటా లేకపోతే మాకూ లేదా?"

జనం దిగి తలో చెయ్యీ వేశారు. పడవ మేట మీదుగా పోయింది. చెట్టు నిలువునా చీలింది.

ముసలాయన ఆ చీలికని కూడా అంతే శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత మళ్లీ రాలేదు.

పీడా పోయిందనుకున్నాడు పడవవాడు.

ఒక పొద్దున చేతికర్రతో నేల తడుముకుంటూ ఒకావిడ రేవుకొచ్చింది. చంకలో చెక్కపలక ఉంది.

"అన్నయ్యా, ఇక్కడికి ఒక పెద్దాయన వచ్చేవారు, తెలుసా? పోయిన నెల కాలం చేశారు."

పడవవాడు గెడ పక్కన పెట్టాడు.

ఆమె పలకని అతని చేతికిచ్చింది. మేట మీది చెట్టు! ఒక్కో పాయనీ వేలికి తగిలేలా ఉలితో చెక్కి ఉంది.

"వారానికొకటి తెచ్చిచ్చేవారు. వేళ్లతో చూసుకునేదాన్ని. ఇది ఆఖరిది. అన్నీ వంకర్లు తిరిగితే ఈ గీత ఒక్కటే తిన్నగా ఉంది. ఇదేమిటని అడిగాను."

"ఏమన్నాడు?" అడిగాడు పడవవాడు.

"ఎవరో పొట్టకూటికి పోయిన దారమ్మా, అదీ ఉండాలిగా అన్నారు."

పడవవాడు ఆ తిన్నని గీత మీద వేలు పెట్టాడు.

"ఇవాళ ఎలా ఉందో మీరు చెప్తారేమోనని వచ్చాను" అందామె.

అతను మేట వైపు తిరిగాడు. పొద్దున్నే దాని మీదుగా పడవని ఈడ్చాడు. అక్కడ చెప్పడానికి ఏమీ మిగల్లేదు. సిగ్గుతో, బాధతో కళ్లు నిండిపోయాయి.

"తప్పయిపోయిందమ్మా. మీ నాన్నని నానా మాటలూ అన్నాను."

"నాన్నా? ఆయన నాకేమీ కారు అన్నయ్యా. ఒకసారి మా తలుపు బాగుచెయ్యడానికొచ్చిన వడ్రంగి. చూపు పోయాక దేన్ని చూడాలనిపిస్తుందమ్మా అని అడిగారు, ఈ మేట మీది చెట్టుని అని చెప్పాను, అంతే."