స్యూర్ ఇచ్చిన తోడు

సీసా మూత తియ్యగానే ఐవిండ్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"రాగ్నా! తోడు చచ్చిపోయింది."

తాత ముత్తాతల నాటి బీరు తోడు అది. కాచిన ప్రతిసారీ అడుగున తేరిన మడ్డిలోంచి కాస్త తీసి మళ్ళీసారి కాచే బీరుకి దాచుకోవడం ఆ లోయలో అందరిళ్ళలోనూ ఉన్నదే. చలికాలమంతా కడుపునొప్పితో మంచం పట్టడం వల్ల ఐవిండ్ ఒక్కసారి కూడా బీరు కాయలేదు. ఇప్పుడు సీసా నిండా బూజు, కుళ్ళు వాసన.

"పోనీ, శరత్కాలంలో కాద్దాం," అన్నాడు నీరసంగా. "పెళ్ళయి నలభయ్యేళ్ళయిందని విందేమిటే ఇప్పుడు? ముప్ఫయ్యేళ్ళకి చేశామా, పాతికేళ్ళకి చేశామా?"

"కుదరదు. ఈ వారమే కాయాలి." రాగ్నా గట్టిగానే అంది. "చిక్కగా కాయి. రెండు నెలలైనా నిలవుండాలి. ఊరంతా వస్తారు."

"ఎప్పుడట విందు?"

"అందరికీ కుదిరినప్పుడు. ముందు నువ్వు కాయి."

బెర్గెన్ పట్నం ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. డాక్టరు అతనితో కడుపులో పుండు అన్నాడు, మాత్రలు రాశాడు. తర్వాత రాగ్నాని లోపల కూర్చోబెట్టి పథ్యం గురించి అరగంట చెప్పాడు. ఆ పథ్యం ఏమిటో గానీ, ఆమె ఇప్పుడు అతనేం అడిగితే అది వండి పెడుతోంది.

తోడు లేకపోతే బీరు లేదు. ఊరంతా వచ్చిన రోజున ఐవిండ్ ఇంట్లో బీరు లేకపోతే ఇంక ఆ లోయలో అతనికి మొహం చెల్లదు. ఆ తోడు తాత కాలంలో ఒక్క ఇంటికే వెళ్ళింది. అది స్యూర్ ఇల్లు.

స్యూర్‌తో మాటలు లేక ఆరేళ్ళయింది. తప్పు ఐవిండ్‌దే. కొత్త బీరు తయారైతే ఇరుగుపొరుగు రుచి చూడ్డానికి వస్తారు. పెళ్ళి బీరైనా, పండగ బీరైనా టోపీలు నెత్తిమీదే ఉంటాయి. చావు బీరుకి మాత్రం మొదటి గుక్కకి టోపీ తియ్యాలి. స్యూర్ తండ్రి పోయినప్పుడు కాచిన బీరు ఐవిండ్‌కి నచ్చలేదు. "ఈ కుడితికి టోపీ తియ్యడం కూడానా?" అని తీసిన టోపీ మళ్ళీ పెట్టేసుకున్నాడు. నోటిదురద మనిషి.

స్యూర్ ఇంటి గుట్టెక్కడానికి ఐవిండ్ మూడుచోట్ల కూలబడాల్సి వచ్చింది. తలుపు తట్టేసరికి ఆయాసంతో మాట రావడంలేదు.

"తిట్టు స్యూర్, పడతాను. తిట్టాక కాస్త తోడు ఇవ్వు."

స్యూర్ తిట్టలేదు. కుర్చీ లాగాడు. "కూర్చో. నిన్న రాగ్నా వచ్చింది."

"నిన్ననా? తోడు కోసమా?"

స్యూర్ గోడకేసి చూశాడు. "ఆఁ... తోడు కోసమే."

అయితే రాగ్నా ముందే సీసా వాసన చూసిందన్నమాట. తన పరువు కోసం చెప్పకుండా వచ్చి బతిమాలిందన్నమాట. ఐవిండ్ స్యూర్ చెయ్యి పట్టుకున్నాడు.

"నీ తోడు వచ్చే శీతాకాలం తిరిగిచ్చేస్తాను."

"తొందరేం లేదు."

"రుచికి రావాలి నువ్వు. టోపీ పెట్టుకుని, నవ్వుతూ తాగాలి."

స్యూర్ తల ఊపాడు. చలికోటు తెచ్చి ఐవిండ్ భుజాల మీద కప్పాడు. ఇదేం మంచితనమో ఐవిండ్‌కి అర్థం కాలేదు.

మర్నాడు వాసనకి జూనిపర్ చెట్టు కొమ్మలు వేసి కాచిన నీళ్ళలో మొలకబార్లీ నానబెట్టారు. వడగట్టి, గోరువెచ్చగా చల్లారగానే తొట్టిలో తోడు పోశారు. తోడు పోసేటప్పుడు కేక వెయ్యాలి, కేక ఎంత గట్టిదైతే బీరు అంత గట్టిది. ఐవిండ్ నోరు తెరిచాడు. దగ్గు వచ్చింది. రాగ్నా అందుకుని కేక వేసింది.

"అదేం కేకే? ఏడుస్తున్నట్టుంది!" అని నవ్వాడు ఐవిండ్.

ఆమె మొహం తుడుచుకుని, కంట్లో పొగ పడిందంది.

పొద్దున్నకి తొట్టిలో చలనం లేదు. ఐవిండ్ గొర్రెతోళ్ళు కప్పాడు, చెవి ఆనించి విన్నాడు, తొట్టిని కౌగిలించుకుని కూర్చున్నాడు. "లేవమ్మా, నా పరువు తియ్యకు, లే," అని బతిమాలాడు. ఇక అయిపోయింది, ఊరందరి ముందూ తల వంచుకోవాల్సిందే అనుకున్నాడు. మధ్యాహ్నానికి ఎక్కడో చిన్నగా చిటపటమంది. అతను అక్కడే, తొట్టి పక్కనే పడి ఏడ్చాడు.

రెండు రోజుల తర్వాత సాయంత్రం ఇరుగుపొరుగు రుచికి వచ్చారు. రాగ్నా గుమ్మంలో ఒక్కొక్కరి చెవిలో ఏదో చెప్పి లోపలికి పంపింది. ఎవరూ టోపీ తియ్యలేదు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు కూడా.

"నవ్వరేంట్రా? పెళ్ళిరోజు బీరు ఇది!" అన్నాడు ఐవిండ్.

నవ్వారు. చెక్క గిన్నె ముందు పక్కింటి హాల్వార్ చేతికి వెళ్ళింది. అతను తాగి, "ఇంత మంచి బీరు ఈ లోయలో..." అని ఆగిపోయి, గిన్నె పక్కకి అందించేశాడు.

చివరికి గిన్నె స్యూర్ దగ్గరికి వచ్చింది. ఐవిండ్ ముందుకి వంగాడు.

"అను స్యూర్, కుడితి అను! నేనన్నానుగా, నువ్వూ అనెయ్."

స్యూర్ వాసన చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. ఎన్నో ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే పైకి లేచింది.

"స్యూర్!" గుమ్మంలోంచి రాగ్నా గొంతు.

అతనికి వినబడలేదు.

స్యూర్ టోపీ తీశాడు.