కారం లేని సీసా

డబ్బు ఇవ్వకముందే సీసా మూత తీసేసింది ఆ ముసలామె.

"ఏమవ్వా, దుడ్లియ్యకుండానే తెరిచేస్తావా?" అంగడాయన కౌంటరు వదిలి పరుగున వచ్చాడు.

"ఇస్తాలేప్పా. యాడికి పోతా?"

కొంగుముడి విప్పి అతను అడిగినంత చేతిలో పెట్టింది. వేలితో కొంచెం సాసు తీసి నాలుకకు రాసుకుంది.

"ఇది వద్దు పాపా. మంట," అంది.

పక్కనే నిలబడ్డ ఎలిజబెత్ బిత్తరపోయింది. సాసు కొనడానికి వచ్చింది తను. ఈమె ఎవరో తెలియదు.

అనంతపురంలో ఆ మధ్యనే తెరిచిన సూపర్ మార్కెట్ అది. బార్బెక్యూ సాసు కావాలంటే అంగడాయన మూడు రకాలు తెచ్చి ముందు పెట్టాడు. ఏది మంచిదని అడిగితే, "అన్నీ మంచివేమ్మా, ఫారిన్ సరుకు," అన్నాడు.

ఎలిజబెత్ సీసాల మీది ఇంగ్లీషు కూడబలుక్కుని చదివింది. చక్కెర అని తెలిసింది. వెనిగర్ అని తెలిసింది. మిగతాదేమిటో తెలియలేదు.

"కారం ఉండగూడదన్నా. మా ఆయనకు గొంతులో క్యాన్సరు. బెంగుళూర్లో రేడియేషన్ కరెంటు పెట్టినారు. నోరంతా పూసిపోయి ఉండాది," అని చెప్పుకుంది.

అతనికేం తెలుసు? తల గోక్కుంటూ కౌంటరు దగ్గరికి పోయాడు.

అప్పుడే ఈ ముసలామె వెనకనుంచి వచ్చి సీసా అందుకుంది.

ఇప్పుడు రెండో సీసా కూడా తెరిచింది.

"నీకెందుకవ్వా? దుడ్లు దండగ చేసుకుంటాండావు," అంది ఎలిజబెత్.

"ఉండు పాపా." నాలుకకు రాసుకుని మొహం చిట్లించింది. "పులుపు. పుండు మీద పడితే పాణం పోతాది."

సీసా మూత బిగిస్తూ, "ఇదే ఎందుకు కావాలంటాండాడు?" అని అడిగింది.

"హోటల్లో నిప్పుల మీద కోడి కాల్చే పని ఆయనది. పొద్దుగూకులూ ఈ సాసు పూసిన చేతులే. ఇప్పుడు ఒక్కసారి నాలిక్కి తగిలితే చాలంటాడు."

"గంజన్నా తాగుతాడా?"

"గుక్కెడు. ఇంటికి తీసకపొమ్మన్నారు డాక్టర్లు."

ముసలామె మూడో సీసా మూత ఎంత తిప్పినా రాలేదు. ఎలిజబెతే తీసిచ్చింది.

"ఇది తీసకపో. తీపి ముందొస్తాది, పొగ వాసన ఎనకొస్తాది. కారం లేదు. వట్టిది పెట్టొద్దు. గంజిలో కలిపి, చల్లారినాక పెట్టు."

మూడు సీసాలకూ ఆమే కట్టింది. ఎలిజబెత్ డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

"మీ ఇల్లు యాడ పాపా? నేనూ వస్తా. రవ్వంతసేపు కూచొని పోతా."

ఇదా సంగతి అనుకుంది ఎలిజబెత్. ఆ ఏడు కూడా వానల్లేవు. చెనక్కాయ చేలు మొలకలప్పుడే మాడిపోయాయి. పల్లెల జనం టౌనుకు వచ్చి, ఎవరి పంచన చోటు దొరికితే వాళ్ళ పంచన తలదాచుకుంటున్నారు. జాలేసింది. కానీ ఉన్నది ఒక్క గది.

"వద్దవ్వా. ఈ అవతారంలో నన్నెవురూ చూడగూడదంటాడు ఆయన. నీకు చోటు కూడా లేదు."

ముసలామె బతిమాలలేదు.

"కానీలే," అంది.

ఎలిజబెత్ మనసు ఊరుకోక ఒక బన్ను కొని ఆమె చేతిలో పెట్టింది. ముసలామె దాన్ని రెండు చేతులా అందుకుని, ఎండలో బస్టాండు వైపు వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చి గంజిలో సాసు కలిపి పెట్టింది ఎలిజబెత్. భర్త గిరి కష్టపడి మింగాడు. మళ్ళీ నోరు తెరిచాడు. ఎన్నాళ్ళకో.

"మంట లేదు. ఎవరు చెప్పినారు ఇది కొనమని?" గొంతు పెగల్చుకుని అడిగాడు.

"ఎవరో అవ్వ. పల్లెటూరామె."

"మంచామె," అన్నాడు గిరి.

మర్నాటి నుంచి అదీ దిగలేదు. చెంచాతో పెట్టింది పెట్టినట్టే పెదాల పక్కనుంచి కారిపోయేది. తుడవడం తప్ప ఎలిజబెత్‌కు ఏం చేయాలో తోచేది కాదు. డాక్టరు దగ్గరికి పోతే ఆయనా తల అడ్డంగా ఊపాడు. ప్రార్థన చేసింది. గిరి చూస్తూ ఉండేవాడు. చూస్తూనే పోయాడు.

గిరి సొంతూరు కుందుర్పికి కబురు పంపితే అతని అన్న బాలప్ప ఒక్కడే వచ్చాడు. క్రైస్తవుల పిల్లను చేసుకున్నందుకు గిరి నాయన కొడుకును గడప తొక్కొద్దన్నాడు. గిరి కూడా అంతే పంతంగా, నేను చచ్చినా వాళ్ళ మొహాలు చూడనన్నాడు. ఆ ఇంట్లో బాలప్పను తప్ప మరొకరిని ఎలిజబెత్ చూసి ఎరగదు.

మట్టి వేసి అందరూ వెళ్ళిపోయాక అడిగింది.

"కన్నకొడుకు పోతాండాడని తెలిసి కూడా మీ అమ్మకు మనసు రాలేదా బావా?"

బాలప్ప తల వంచి చేతికంటిన మట్టి దులుపుకున్నాడు.

"వచ్చినాదమ్మా. నాయనకు తెలీకుండా వచ్చినాది. వాని సంగతి ఊరోళ్ళ నోట ఇని వచ్చినాది. ఈడ ఆస్పత్రి కాడ మందులకొచ్చిన నిన్ను ఎవరో చూపిస్తే, నీ ఎనకే వచ్చినాదంట."

"మరి ఇంటికెందుకు రాలేదు? నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే వానికి తెలుస్తాది, తెలిస్తే పంతానికి పోయి ఆ గుక్కెడు గంజీ తాగడని భయపడినాది. కోడలు వాణ్ణి బాగా చూసుకుంటాండాది, అది చాల్లే అని ఏడ్చినాది."

"నా ఎనక యాడికొచ్చినాది బావా?"

బాలప్ప తలెత్తాడు.

"ఆ పొద్దు అంగట్లో నీ పక్కన నిలబడిన ముసలామే మా అమ్మ."