మొదటి గుక్క

"ముందు నువ్వు తాగు" అంటూ బావ గంగాళంలోంచి చిన్న గ్లాసుడు కషాయం తీసి చేతికిచ్చాడు.

బావమరిది గ్లాసుకేసి అనుమానంగా చూశాడు. చలి వెనకపట్టి ఎండ చురుక్కుమనగానే బావ మందుల కొట్టులో ఏటా కాచే కషాయం అది. శీతాకాలమంతా ఒంట్లో పేరుకున్న చెత్త కడిగేస్తుందని వీధి వీధంతా పరగడుపున వచ్చి తలా గ్లాసూ తాగి వెళ్తుంది. ఆ ఒక్క పూట కషాయం నచ్చితేనే ఏడాదంతా మందులకి ఆ మెట్లెక్కుతారు. వేర్లు దంచేది బావమరిది, కాచేది వైద్యుడైన బావ. మొదటి గుక్క కూడా ఎప్పుడూ బావదే. ఈ ఏడేమిటో గ్లాసు ఇటు తిరిగింది!

"నువ్వు తాగవేం బావా?"

"నేను టిఫిన్ తినేశాలే. కానీ."

పచ్చి అబద్ధం. అక్క ఇంకా పొయ్యే వెలిగించలేదు. పైగా బావ కళ్ళార్పకుండా ఇతని మొహంలోకే చూస్తున్నాడు.

'కొత్త వేరేదో కలిపాడు, నా మీద పరీక్ష చేస్తున్నాడు! ఊళ్ళోవాళ్ళెవరైనా పడిపోతే కొట్టు మూతపడుతుంది. నేను పడిపోతే ఏముంది, అక్క నాలుగు రోజులు ఏడుస్తుంది.' పన్నెండేళ్ళుగా రోకలి పట్టి కాయలు కాసిన చేతులు చూసుకుంటే అతనికి ఏడుపొచ్చింది. సరే, నా మొహంలో నీకేం కావాలో అది ఛస్తే కనబడనివ్వను అనుకుని గటగటా తాగేశాడు. అరికాళ్ళ దాకా చేదు పాకింది. మొహం మాత్రం రాయిలా పెట్టాడు.

"ఎలా ఉంది?"

"మంచినీళ్ళలా ఉంది."

బావ కంగారుగా మరో గుప్పెడు చేదు నేలవేము ఆకు గంగాళంలో వేసి తెర్లించి, ఇంకో గుక్క పోశాడు. "ఇప్పుడు?"

"కాస్త తియ్యగా కూడా ఉంది."

బావ నుదుటి మీద చెమట తుడుచుకుని, పొట్లంలో మిగిలిన ఆకంతా కుమ్మరించాడు.

'ఎంత వేస్తే పడతానో చూస్తున్నాడు, దుర్మార్గుడు!'

తలుపులు తీసేసరికి బయట బారెడు వరస. అందరికన్నా ముందు, ఎప్పటిలాగే, పక్కింటి పెద్దమ్మ. ఒక్క గుక్క వేసిందో లేదో, కళ్ళు తేలేసి బల్లమీదే భళ్ళున ఉమ్మేసింది.

"ఇది కషాయమా, కాలకూటమా! ఇరవై ఏళ్ళుగా తాగుతున్నాను, ఇంత ఘోరం ఎప్పుడూ ఎరగను. నీకేమొచ్చింది నాయనా?"

వరసలో గుసగుసలు మొదలయ్యాయి. ఒకరి వెనక ఒకరు మెల్లగా జారుకున్నారు. చూస్తుండగానే వీధి ఖాళీ అయిపోయింది. బావ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

బావమరిది అతని చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి లాక్కుపోయాడు.

"బయటపడింది నీ బండారం! అయినవాణ్ణని కూడా చూడకుండా నా ప్రాణంతో ఆడుకుంటావా? చెప్పు, ఏం కలిపావు?"

బావ తలుపు దగ్గరగా వేశాడు.

"అరవకురా, మీ అక్కకి కూడా తెలీదు. పోయిన నెల జ్వరం తగిలిన దగ్గర్నుంచీ నా నాలుకకి చేదూ తెలియట్లేదు, తీపీ తెలియట్లేదు... నీ మొహం చూసే ఆకు వేశాను."